425 రూపాయల ఆదివారం

పోయిన మే నెలలో ఉండవల్లి గుహలకు వెళ్లి అరగంటలో పారిపోయి వచ్చాం. తప్పు మాదే. ఆదివారం కదా అని తీరిగ్గా లేచి, దోసెలు తిని, కారు బుక్ చేసుకుని బయల్దేరేసరికి పదిన్నర. అక్కడికి చేరేసరికి కొండ పెనంలా ఉంది. లోపల దేవుడున్నాడని ఎవరో చెబితే మా చిన్నాడు మెట్ల మీదే చెప్పులు విప్పేశాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఒకటే ఏడుపు. వాణ్ణి ఎత్తుకుని కిందికొచ్చి, కూల్‌డ్రింకులు తాగించి, ఇక ఎండలో తిరగలేక ఏసీ హోటల్లో దూరి భోంచేసి ఇంటికొచ్చాం. ఖర్చు 2,600 దాటింది. చూసిందేమిటంటే, హోటల్ మెనూ కార్డు.

బెజవాడలో ఉంటూ ఎండ గురించి ఎవరో చెప్పాలా! రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట పుట్టిన నేల ఇది. అయినా మేం ప్లాన్ వేసినప్పుడల్లా డబ్బు లెక్కే వేశాం తప్ప టైం లెక్క వేయలేదు. ఈ ఊళ్లో బయట తిరగాలంటే పొద్దున పదిలోపు తిరగాలి, లేదా సాయంత్రం ఐదు దాటాక. మధ్యలో బయటికి వెళ్తే నీడని కొనుక్కోవాల్సిందే. ఏసీ కారు, ఏసీ హోటలు, ఏసీ మాలు... మన జేబు ఖాళీ అయ్యేది ఊరు చూడ్డానికి కాదు, ఆ నీడ కోసం.

ఈసారి ప్లాన్ మా అత్తయ్యది. ఏప్రిల్ రెండో ఆదివారం అని ఖాయం చేశాం. పిల్లలకు ఒంటిపూట బడులు కాబట్టి పొద్దున్నే లేవడం ఎలాగూ అలవాటైపోయింది. మా ఆయన భవానీ ద్వీపం అన్నారు. ఐదుగురికి పడవ టికెట్లు, మళ్లీ అక్కడ పిల్లలు అడిగేవన్నీ తలుచుకుని నేను వద్దన్నాను. "పోయినసారి సగంలో వదిలేసిన చోటికే పోదాం. ఈసారి నేను లేపుతా" అంది అత్తయ్య. అన్నట్టే నాలుగింటికి లేపింది. అప్పటికే పులిహోర కలిపేసింది. స్టీలు క్యానులో పలచటి మజ్జిగ, అందులో ఉప్పు, అల్లం, కరివేపాకు. క్యాను చుట్టూ తడి తువ్వాలు చుట్టి కట్టింది. గాలి తగిలేకొద్దీ ఆ తడి ఆరుతూ మజ్జిగని చల్లగా ఉంచుతుంది. థర్మాస్ ఉంది కదా అంటే, "దానికి బరువెక్కువ, నువ్వు మొయ్యవు" అంది. నిజమే, మొయ్యను.

సింగ్‌నగర్ నుంచి బస్టాండుకి ఐదున్నర బస్సు. ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి టికెట్ లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ముందురోజు రాత్రి అందరికీ ఆధార్ కార్డులు పెట్టుకోమని పదిసార్లు చెప్పిన నేను, నాది ఇంట్లో మర్చిపోయాను. అత్తయ్యా మా అమ్మాయీ సున్నా టికెట్లు పట్టుకుని కిటికీ పక్కన దర్జాగా కూర్చుంటే, నేను మా ఆయనతోపాటు 20 రూపాయల టికెట్ తీసుకున్నాను. చిన్నాడికి సగం. రోజంతా ఎక్కిన ప్రతి బస్సులో ఇదే వరస. ఎక్కినప్పుడల్లా అత్తయ్య తన కార్డు తీసి అందరికీ కనపడేలా ఊపింది.

బస్టాండు నుంచి ప్రకాశం బ్యారేజీకి నడిచాం. మోకాళ్లు నొప్పులని నెలంతా మూలిగే మనిషి అందరికంటే ముందుంది. బ్యారేజీ మీదికి ఎక్కగానే గాలి. ఆ గాలి కోసం మాత్రమే ఎవరైనా తెల్లవారుజామున రావచ్చు. ఎడమ చేతివైపు ఇసుక మేటలు, అక్కడక్కడా నీటి మడుగులు, కుడివైపు నిండుగా కృష్ణ, వెనక్కి తిరిగితే ఇంద్రకీలాద్రి మీద గుడి దీపాలు ఇంకా వెలుగుతూ. 1957లో కట్టిన ఈ బ్యారేజీ పొడవు కిలోమీటరూ పావు. గేట్లు 70 అని నాన్న చెప్పగానే, నమ్మనని చిన్నాడు లెక్క మొదలుపెట్టాడు. మా అమ్మాయి వాళ్ల సైన్సు టీచరు చెప్పిన లష్కర్ల గురించి, అంటే కాలువల దగ్గర నీటి కాపలా పనివాళ్ల గురించి, కాలువల గురించి మాట్లాడుతోంది. వాడు వేలు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. నలభై మూడో గేటు దగ్గర ఒక కొంగ ఎగిరింది. అంతే, లెక్క పోయింది. మళ్లీ మొదటికి పోదామని గొడవ. ఎవరు వెనక్కి వెళ్తారు?

సీతానగరం వైపు దిగి షేర్ ఆటో ఎక్కాం, ఐదుగురికి వంద. ఉండవల్లి దాకా దారిపక్కన అరటి తోటలు, పూల మళ్లు. గుహల దగ్గరికి చేరేసరికి టికెట్లు ఇచ్చేవాళ్లు ఇంకా రాలేదు. ముందే ఊహించాం కాబట్టి టెన్షన్ లేదు. చెట్టు కింద దుప్పటి పరిచి పులిహోర తిన్నాం. చాలాసేపు ఏమీ చేయకుండా కూర్చున్నాం, అదొక సుఖం. పెద్దవాళ్లకు మనిషికి 25 చొప్పున టికెట్, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు.

కొండని పైనుంచి కిందికి నాలుగు అంతస్తులుగా తొలిచారు. కింది అంతస్తు ఎందుకో పూర్తి చేయలేదు, ఉలి గాట్లు అలాగే కనిపిస్తాయి. పోయినేడు వీటిలో ఒక్కటీ చూళ్లేదు. స్తంభాల మధ్యకి అడుగుపెట్టగానే ఒళ్లు చల్లబడింది. రాత్రంతా చల్లారిన రాయి ఆ చల్లదనాన్ని ఇంకా వదల్లేదు. మా అమ్మాయి ఒక స్తంభానికి చెంప ఆనించి కళ్లు మూసుకుని నిలబడింది. "అమ్మా, ఫ్రిజ్ తలుపులా ఉంది" అంది. నేనూ ఆనించాను. గరుకుగా, కొంచెం తేమగా, నిజంగానే హాయిగా ఉంది.

పై అంతస్తులో చీకట్లో అనంతపద్మనాభస్వామి పడుకుని ఉన్నాడు. పదిహేనడుగులు పైబడిన విగ్రహం. బయటి వెలుతుర్లోంచి లోపలికి వెళ్తే మొదట ఏమీ కనపడదు, కాసేపటికి పాదాలు, తర్వాత మోకాళ్లు, చివరికి ముఖం. చిన్నాడు ఆ కొస నుంచి ఈ కొసకి అడుగులు వేసి కొలిచాడు. అత్తయ్య దణ్ణం పెట్టుకుని, "మనల్ని తెల్లారగట్ల లేపి, తాను మాత్రం ఎంత హాయిగా పడుకున్నాడో" అంది. బయట వసారాలో రాతి ఋషులు, సింహాలు వరసగా కూర్చుని పొలాల వైపు చూస్తుంటాయి. మేమూ వాటి పక్కన నిలబడి మజ్జిగ తాగాం. చల్లగానే ఉంది. థర్మాస్ మాట మళ్లీ ఎత్తలేదు.

పదింటికి రాయి వేడెక్కడం మొదలైంది. పిల్లలు ఇంకాసేపు ఉందామన్నారు, అత్తయ్య ఒప్పుకోలేదు. రోడ్డు మీద ఒకాయన తాటిముంజలు పెట్టుకుని ఉన్నాడు. కత్తితో కాయ తల చెక్కి, కన్నులోకి బొటనవేలు పోనిచ్చి, ముంజని చిట్లకుండా తీస్తున్నాడు. చిన్నాడి చేతిలో ఒకటి చిట్లి నీళ్లు చొక్కా మీద కారాయి. వంద రూపాయలవి తిన్నాం. కాస్త ముదురు ముంజ నాకు వచ్చింది, నా అదృష్టం ఆ రోజంతా అంతే.

పదకొండుంబావుకి ఇంట్లో ఉన్నాం, తలుపులేసి ఫ్యాను కింద. బస్సులకి 150, ఆటోకి 100, గుహలకి 75, ముంజలకి 100. కలిపితే 425. నా ఆధార్ ఉంటే ఇంకో 60 మిగిలేదని మా ఆయన మూడుసార్లు గుర్తుచేశారు.

వచ్చే ఆదివారం సాయంత్రం గాంధీ కొండకి పోదామని అత్తయ్య అంటోంది. చిన్నాడు మాత్రం మళ్లీ బ్యారేజీకే అంటున్నాడు. ఇంకా 27 గేట్లున్నాయట.