బుడాపెస్ట్ పార్లమెంటు లోపలికి

హంగేరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్లినవాళ్లలో చాలామంది పార్లమెంటు భవనాన్ని డాన్యూబ్ అవతలి గట్టు నుంచి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. రాత్రి లైట్లలో బాగుంటుంది, కాదనను. మాకు మాత్రం లోపల చూడాలని పట్టుదల. దానికి టూర్ టికెట్ తీసుకోవడం తప్ప వేరే దారి లేదు. భాష, టైమ్ చూసుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి. తిరుమల స్పెషల్ దర్శనం టికెట్ల లాగా, సీజన్‌లో ఇంగ్లీష్ స్లాట్లు చూస్తుండగానే అయిపోతాయి. అందుకే ఇది చేతికొచ్చాకే మిగతా ప్లాన్ వేసుకున్నాం.

ధర దగ్గర కాస్త మండింది. యూరోపియన్ యూనియన్ వాళ్లకి ఒక రేటు, మనకి దాదాపు రెట్టింపు. తాజ్‌మహల్ దగ్గర విదేశీయుల నుంచి మనం ఎంత వసూలు చేస్తామో మా ఆవిడ గుర్తు చేసేసరికి, నోరు మూసుకుని కార్డు నంబరు కొట్టాను.

కొషుత్ లాయోష్ మెట్రో స్టేషన్‌లో దిగితే భవనం పక్కనే ఉంటుంది. సందర్శకుల్ని మాత్రం ముందున్న పెద్ద మెట్ల మీదుగా పంపరు. ఉత్తరం వైపు భూమి లోపల కట్టిన విజిటర్ సెంటర్‌లోంచి వెళ్లాలి. బ్యాగుల స్కానింగ్, మెటల్ డిటెక్టర్ అయ్యాక బోలెడు మెట్లు. మోకాళ్ల నొప్పులుంటే అక్కడి సిబ్బందికి ముందే చెప్పుకోవడం మంచిది.

లోపల ఎటు చూసినా బంగారు పూతే. అలంకరణకి 40 కిలోల దాకా బంగారం వాడారట. గుమ్మటం ఎత్తు 96 మీటర్లు, హంగేరియన్లు ఆ నేలకి వచ్చిన 896 సంవత్సరానికి గుర్తుగా. దాని కిందే రాజకిరీటం, పక్కన కత్తులు పట్టుకుని కాపలా సైనికులు. కిరీటం మీది శిలువ ఒక పక్కకి వాలి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాకి చేరిన ఈ కిరీటం 1978లో గానీ తిరిగి రాలేదు. అక్కడ ఫొటోలు తీయనివ్వరు. ఒకాయన ఫోన్ పైకెత్తాడో లేదో గైడ్ కళ్లెర్రజేసింది.

నాకైతే కిరీటం కన్నా, పాత ఎగువసభ హాలు బయటి కారిడార్ నచ్చింది. కిటికీల దగ్గర ఇత్తడి చుట్ట స్టాండ్లు ఉన్నాయి. ఒక్కో గాడికీ ఒక నంబరు. సభ్యుడు లోపలికెళ్తూ కాలుతున్న చుట్టని తన నంబరు గాడిలో పెట్టి వెళ్లేవాడట. ప్రసంగం రసపట్టులో ఉంటే బయట చుట్ట కాలి బూడిదయ్యేది. లోపల ఎవరు ఎంత బాగా మాట్లాడారో బూడిద చూసి చెప్పొచ్చన్నమాట!

గంటలోపే టూర్ అయిపోయింది. అక్కణ్నుంచి 2వ నంబరు ట్రామ్ ఎక్కితే నది వెంబడే వెళ్తుంది, కిటికీ సీటు దొరికితే కోట, వంతెనలు అన్నీ కనిపిస్తాయి. విడి టికెట్ కొంటే ఎక్కగానే మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానానే. రోజంతా తిరిగేవాళ్లకి 24 గంటల పాస్ హాయి.