నలభై ఏళ్ల తండ్రికి నలభై రెండేళ్ల కొడుకు

బైబిల్‌లో రెండవ దినవృత్తాంతములు 21వ అధ్యాయం చివరి వచనం చూడండి. యెహోరాము 32 ఏళ్లకు యూదా రాజై 8 ఏళ్లు ఏలాడు. అంటే 40కి పోయాడు. రెండు వచనాలు దాటగానే, 22:2లో, గద్దెనెక్కిన కొడుకు అహజ్యాకు 42 ఏళ్లు. పైగా వీడు కడగొట్టు కొడుకు!

పాలమూరు, నల్లగొండ ఊళ్లల్ల బైబిల్ స్టడీలో ఈ ప్రశ్న లేస్తే "సాతాను పెట్టే అనుమానం, ప్రార్థన చేసుకో అమ్మా" అంటారు. లేకుంటే యూట్యూబ్‌లో విన్న ఏదో అతుకు వేస్తారు. అతుకు వేసుడే ఎక్కువ చెరుపు. ఇంటర్ చదివే పిల్ల ఆ అతుకు ఊడదీసిననాడు మిగతా బోధ మీద కూడా గురి పోతుంది.

నోట్‌బుక్కు పేజీకి నడుమ గీత కొట్టండి. ఎడమ పక్క 2 రాజులు 8:17, 8:26. కుడి పక్క 2 దినవృత్తాంతములు 21:20, 22:2. రాజుల గ్రంథంలో అహజ్యాకు 22. నలభైలోంచి తీసేస్తే, తండ్రికి 18 ఏళ్లప్పుడు పుట్టాడు. పద్దెనిమిదికే కడగొట్టువాడా అంటే, 21:17 చూడండి, యెహోరాముకు భార్య ఒక్కతే కాదు. (అక్కడ కొడుకు పేరు యెహోయాహాజు అని ఉంటుంది. అహజ్యానే, పేరులో ముక్కలు అటుఇటు అయినయి.) కొన్ని గ్రీకు ప్రతుల్లో, సిరియాక్ అనే పాత భాషలోని అనువాదంలో 22:2లోనూ 22 అనే ఉంది. కాబట్టి 42 అన్నది నకలు రాసేటప్పుడు దొర్లింది. కొత్త అనువాదాలు చాలావరకు 22 వేసి, పేజీ అడుగున సంగతి చెబుతాయి. ఆ చిన్నక్షరాలు చదవకుండా దాటేస్తారు చాలామంది.

తండ్రికంటే కొడుకు పెద్దోడు కాలేడని హీబ్రూ ప్రతులకు నకలు రాసిన యూదు లేఖకులకు తెలియదా? తెలుసు. అయినా చేతికందిన ప్రతిలో అక్షరం ముట్టుకోలేదు. తేడా అనిపిస్తే అంచున రాసేవాళ్లు గాని లోపల దిద్దేవాళ్లు కాదు. తమకు నామోషీ అయ్యే అంకెను కూడా దాచకుండా మన దాకా తెచ్చిన చేతులవి. నాకైతే ఈ 42 చూసినప్పుడే ఆ ప్రతుల మీద నమ్మకం గట్టిపడుతుంది.

అన్ని తేడాలనూ నకలు తప్పు కింద కట్టేయొద్దు మళ్లీ. దావీదు కొన్న కళ్లం ధర 2 సమూయేలు 24:24లో 50 తులముల వెండి, 1 దినవృత్తాంతములు 21:25లో 600 తులముల బంగారం. ఇక్కడి తులం షెకెలుకు మనవాళ్లు పెట్టిన మాట, దాదాపు 11 గ్రాములు. అంటే అర కిలో పైచిలుకు వెండి ఒక పక్క, ఆరున్నర కిలోల బంగారం ఇంకో పక్క. కొన్నదేందో చూడండి: సమూయేలులో కళ్లం, ఎడ్లు. దినవృత్తాంతాల్లో "ఆ స్థలము". జొన్న కళ్లం అలికి బంతి కట్టిన ఊళ్లల్ల ఇది వేరే చెప్పే పని లేదు, కళ్లం జాగా వేరు, చెలక మొత్తం వేరు. తర్వాత దేవాలయం లేచింది అక్కడే (2 దినవృత్తాంతములు 3:1). ఇది సబబైన వివరణే గాని రుజువు కాదు. "అయి ఉండొచ్చు" అనే చెప్పాలి.

లూకా 14:26లో తల్లిదండ్రులను "ద్వేషింపకుంటే" తన శిష్యుడు కాలేడని యేసు అన్న మాట కొత్తగా నమ్మినవాళ్ల ఇండ్లల్ల గొడవలు తెస్తుంది. దాని పక్కన మత్తయి 10:37, ఆదికాండము 29:30, 31 రాసుకుంటే ఆ మాటకు "తక్కువగా ప్రేమించుట" అనే వాడుక కనిపిస్తుంది.

1 సమూయేలు 15:3 వంటివి లెక్కకు లొంగవు. పసిపిల్లలను కూడా చంపమన్న మాట అది. దానికి నోట్‌బుక్కు చివర పది కాగితాలు విడిచిపెట్టి, వచనం, తేదీ పెన్సిల్‌తో రాసి, కింద ఖాళీ ఉంచండి. అయ్యగారిని (పాస్టరును) అడగాలంటే ఆదివారం మైకు ముందు వద్దు, వారం మధ్యలో ఇంటికి పోయి అడగండి. ఆయన "నాకూ తెలియదు" అంటే అది కూడా తేదీ వేసి రాసుకోండి.