నా గ్రేవ్స్ (థైరాయిడ్ జబ్బు), నా వైద్యం

బ్లౌజుకి హుక్కులు కుడుతుంటే వేళ్లు వణికేవి. సూదిలో దారం ఎక్కేది కాదు. డిసెంబరు చలిలోనూ ఫ్యాను కావాలి, కడుపునిండా తింటున్నా మనిషిని చిక్కిపోతున్నాను, పడుకుంటే గుండె దడ. మొదట చూసిన డాక్టరు "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని నిద్రమాత్ర రాశారు. ఆ కోపం నాకింకా పోలేదు. చేతులు చాపమని ఒక్కసారి చూసుంటే అనుమానం వచ్చేది!

కాకినాడలో ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, టీఎస్‌హెచ్, టీ4 అనే థైరాయిడ్ రక్తపరీక్షలతో పాటు ట్రాబ్ అనే యాంటీబాడీ పరీక్ష రాశారు. గ్రేవ్స్ అని తేలింది. మన రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని అదేపనిగా ఉసిగొల్పుతుందట. థైరాయిడ్ జోరు తగ్గించడానికి కార్బిమజోల్, దడకి ప్రొప్రనలాల్ ఇచ్చారు. దడ త్వరగానే తగ్గింది, ఒళ్లు కోలుకోవడానికే నెలలు పట్టింది. "జ్వరం, గొంతునొప్పి వస్తే కార్బిమజోల్ ఆపేసి వెంటనే రక్తపరీక్షకి రామ్మా, అరుదుగా తెల్లకణాలు పడిపోతాయి" అన్నారావిడ. అది కాగితం మీద రాసి కుట్టుమిషను పక్కన అంటించుకున్నాను.

కార్బిమజోల్ మామూలుగా 12 నుంచి 18 నెలలు వాడతారు. ఆపాక నాకు తిరగబెట్టింది. అప్పటికే గ్రేవ్స్ వల్ల కళ్లు ఉబ్బి మండుతున్నాయి. గ్రంథిని అణిచే రేడియో అయోడిన్ మందుతో కళ్ల బాధ పెరగొచ్చన్నారు, అందుకని గ్రంథి తీసేసే ఆపరేషనుకే ఒప్పుకున్నాను. తర్వాత కాల్షియం తగ్గి పెదాల చుట్టూ తిమ్మిర్లు, కొన్నాళ్లు కాల్షియం మాత్రలు. ఇప్పుడు గ్రంథి లేని లోటు తీర్చడానికి రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర. "జీవితాంతమా?" అని మా అత్తయ్య బెంగపడ్డారు. నాకైతే ఏ బెంగా లేదు. పొగ కళ్లకి చేటని తెలిసి మా ఆయన సిగరెట్లు మానేశారు, అందుకు మరీ సంతోషం.