ఆ ఇంట్లో ఉయ్యాల ఉందా?

ఆదివారం, రాత్రి పదకొండున్నర. పాప ఇప్పుడే పడుకుంది. నేనూ పడుకోవాలి గానీ పొద్దుటి గొడవ ఇంకా బుర్రలోంచి పోవట్లేదు.

ఏడింటికే అమ్మ ఫోను, గుంటూరు నుంచి. పాపకి ఐదో నెల దాటిందని, బాప్తిస్మం లేకుండా బిడ్డని ఎన్నాళ్ళు ఉంచుతారని, తను వాళ్ళ పాస్టరు అయ్యగారితో మాట్లాడేశానని, వచ్చే నెల రెండో ఆదివారమైతే కుదురుతుందన్నారని. నేను స్పీకరు పెట్టి పాలసీసా కడుగుతున్నా, అదే నా తప్పు. వెనక బీరకాయలు చెక్కు తీస్తున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. మాది లూథరన్, వీళ్ళది బాప్టిస్టు. మా దగ్గర చంటిబిడ్డ తల మీద నీళ్ళు పోస్తారు. వీళ్ళు బిడ్డ పెరిగి, తనంతట తాను నమ్మానని పదిమందిలో చెప్పేదాకా ఆగి, అప్పుడు నీళ్ళలో ముంచుతారు. పెళ్ళప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"వదినగారూ, చంటిపిల్లలకి ఇచ్చినట్టు బైబిలు వాక్యంలో ఎక్కడుందండీ?" అంది అత్తయ్య, కత్తిపీట పక్కకి జరిపి మరీ. అమ్మ దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఫిలిప్పీలో ఆ చెరసాల నాయకుడు, అతనూ అతని ఇంటివాళ్ళందరూ ఆ రాత్రే బాప్తిస్మం తీసుకున్నారు కదా, ఇంటివాళ్ళంటే పిల్లలు కారా అని.

"ఆ ఇంట్లో ఉయ్యాల ఉన్నట్టు ఎక్కడ రాశారు వదినా?"

నాకు నవ్వాగలేదు. అమ్మకి కోపమొచ్చి ఫోను పెట్టేసింది. మా ఆయన ఈ గొడవంతా దుప్పటి కిందనుంచే విన్నాడని నాకు గట్టి అనుమానం.

నిజానికి ఈ ఇంట్లో ముంపు బాప్తిస్మం అంటే సిద్ధాంతం ఒక్కటే కాదు, వంశ చరిత్ర కూడా. ధాత కరువులో, అంటే 1876–78లో, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి పని పెట్టాడు. కూడు కోసం చేరుతున్నారనే మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి వంతులేసుకున్నారు. ఆ 2,222 మందిలో మా మామగారి ముత్తాత ఉన్నాడట. ఒంగోలు చుట్టుపక్కల ఆ లెక్కలో తమ పెద్దలెవరూ లేరనే బాప్టిస్టుని నేనింతవరకు చూడలేదు, అందరి ముత్తాతల్నీ కూడితే ఆ నది పట్టదు.

మరి నేను లూథరన్ ఎందుకయ్యాను అంటే, 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరొచ్చి దిగాడు కాబట్టి. మార్టిన్ లూథర్ ఏం చెప్పాడో చదివి మా తాతలు తేల్చుకున్నదేం కాదు. మిషన్లు ఒకరి మీద ఒకరు పడకుండా జిల్లాలు పంచుకున్నాయి: గుంటూరు లూథరన్లకి, ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులకి, మెదక్ మెథడిస్టులకి, బందరు వైపు ఆంగ్లికన్లకి. అన్నదమ్ములు చేలు పంచుకున్నట్టే. ఇటు దిగిన దొర అటు దిగుంటే ఈ పొద్దు అమ్మే ఉయ్యాల ప్రశ్న అడిగేది, అత్తయ్య చెరసాల నాయకుణ్ణి చూపించేది.

చర్చికెళ్తుంటే లిఫ్టులో కింద ఫ్లాట్ ఆంటీ కలిసింది. వాళ్ళది దోర్నకల్ వైపు, సి.ఎస్.ఐ., అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. సంగతి చెప్తే "మేం 1947లోనే కలిసిపోయామమ్మా, మీరే బయట ఉండిపోయారు" అంది కాస్త గర్వంగానే. మాట నిజమే. ఆ సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఒకటైన ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు అంతా ఒకే సంఘమయ్యారు. మా లూథరన్లూ బాప్టిస్టులూ చేరలేదు. దాని కోసం ఏళ్ళతరబడి తిరిగిన మనిషి ఆంటీ వాళ్ళ దోర్నకల్ బిషప్ అజరయ్య. చీలికలు మీ దేశాల్లో బలహీనతేమో, మా దగ్గర మాత్రం పాపమూ అవమానమూ అని 1927లో స్విట్జర్లాండ్‌లో, లోసాన్‌లో జరిగిన సంఘాల ఐక్యత సభలో తెల్లవాళ్ళ ముందే చెప్పొచ్చాడాయన. కలిసిన రోజు చూడకుండానే 1945 జనవరి 1న పోయాడు. ఆయన మాట నాకు నచ్చుతుంది. కానీ ఉయ్యాల ప్రశ్న కూడా ఉత్త వాదన కాదు. దేవుడు బిడ్డని ముందే పిలిచాడా, బిడ్డే పలకాలా అన్నది చిన్న విషయమేం కాదు, వాళ్ళిద్దరూ ఫోనులో అరుచుకుంటే అరుచుకోనీ.

ప్రభువు బల్ల, అదే గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, దాని దగ్గరే నాకు ఒళ్ళు మండేది. నాలుగేళ్ళ క్రితం చుట్టాలింటి పెళ్ళికెళ్ళి, ఆదివారం అక్కడే ఒక సంఘంలో కూర్చున్నాం, పేరెందుకులే. రొట్టె పంచేముందు "మునిగినవాళ్ళు మాత్రమే తీసుకోవాలి" అన్నారు మైకులో. మా అమ్మ నలభై ఏళ్ళుగా ఆదివారం బడి పిల్లలకి పాఠం చెప్తోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. పళ్ళెం ఆమెని దాటి పక్కావిడ దగ్గరికి వెళ్ళింది. దారిలో బస్సులో కూడా దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఈవేళ మొదటి ఆదివారం, మేం వెళ్ళే అత్తయ్య వాళ్ళ గుళ్ళోనూ బల్ల. చిన్న చిన్న గాజు గ్లాసుల పళ్ళెం వరసలో వచ్చింది. నేను మునగలేదని ఇక్కడ అందరికీ తెలుసు. పెళ్ళైన కొత్తలో మొదటిసారి అది నా ముందుకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో తోచక అత్తయ్య వైపు చూశా. ఆవిడ ఒక గ్లాసు తీసి తనే నా చేతిలో పెట్టింది. పొద్దున అమ్మతో అంత పోట్లాడిన మనిషే. ఆరాధన మొదట పాడిన కీర్తన పురుషోత్తమ చౌదరి గారిది, కటకంలో బాప్టిస్టుల దగ్గర మునిగిన మనిషి, ఆయన పాటలు లేకుండా మా గుంటూరు గుళ్ళో ఆరాధన నడవదు. అమ్మ దగ్గరా అత్తయ్య దగ్గరా ఉన్నది ఒకటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. అత్తయ్యది అట్ట ఊడిపోయి పాత చీర ముక్కతో కుట్టి ఉంటుంది.

మధ్యాహ్నం పాపని భుజానేసుకుని తిరుగుతుంటే ఇంకోటి తట్టింది. ఈ సంబంధం వచ్చినప్పుడు అమ్మ మొదట అడిగింది ఏ మిషనని కాదు. "మనోళ్ళేనా?" అని. అవునన్నాక ఇక లూథరన్, బాప్టిస్టు అన్నది పెళ్ళి భోజనాల్లో పప్పా సాంబారా అన్నంత విషయం కూడా కాలేదు. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో రెండు గుళ్ళున్నాయి, మాల పల్లెలో ఒకటి, మాదిగ పల్లెలో ఒకటి. రెండూ లూథరనే. ఒకే అయ్యగారు సైకిలు మీద తొమ్మిదింటికి ఇక్కడ, పదకొండింటికి అక్కడ, అదే వాక్యం, అవే కీర్తనలు. మధ్యలో చెరువుగట్టు. చిన్నప్పుడు ఎందుకలా అని అడిగితే "ఒక్క గుడి జనానికి సరిపోదమ్మా" అంది అమ్మమ్మ. రెండింట్లోనూ సగం చాపలు ఖాళీగా ఉండేవి. చంటిపిల్లల బాప్తిస్మం మీద ఇరవై వచనాలు చెప్పగలిగే మా వాళ్ళు ఆ చెరువుగట్టు మీద ఒక్క వచనం ఎత్తగా నేను వినలేదు. నేను మాత్రం ఏం ఎత్తాను, ఆ సంబంధమే నచ్చి చేసుకున్నా కదా.

సాయంత్రం అమ్మ మళ్ళీ ఫోను చేసింది, ఈసారి గొంతు తగ్గించి. తెల్ల గౌను కుట్టించేసిందట, లేసు పెట్టి, టోపీతో సహా. శుక్రవారం వస్తూ తెస్తుందట. అత్తయ్యతో ఏమని చెప్పాలో తెలియక ఉన్నది ఉన్నట్టు చెప్పేశా.

ఆవిడ కాసేపు ఆలోచించింది. "గౌను తొడగడానికి నాకేం అభ్యంతరం లేదు," అంది. "నీళ్ళ సంగతే."

తర్వాత పాప నడుం కొలత అమ్మకి సరిగ్గా చెప్పావా లేదా అని అడిగింది.