చచ్చిన కోడి రెక్క ఎత్తింది

ఆదివారం. లేచేసరికి ఎనిమిదిన్నర. యుటిలిటీ బాల్కనీలో పావురాలు అప్పటికే డ్యూటీ ఎక్కేశాయి. వాషింగ్ మెషిన్ మీద రెండు, పైపు మీద ఒకటి. చీపురు పట్టుకుని తలుపు తీస్తే టపటపమని పోతాయి, తలుపు వేసేలోగా మళ్లీ వచ్చి వాలతాయి. నెట్ కట్టించమని ఇంట్లో ఆరు నెలలుగా పోరు. ఇవాళా కట్టించలేదు.

నిండు కోడిని ఓవెన్‌లో కాల్చాలని పాప వారం నుంచి పట్టు పట్టింది. "కొట్టకు తమ్ముడూ, రెక్కలు కూడా తియ్యకుండా ఫుల్‌గా ఇచ్చెయ్" అంటే చికెన్ షాపు కుర్రాడు నన్నొకసారి ఎగాదిగా చూశాడు. క్యూలో నిలబడ్డ కాసేపూ పైన గద్దలు తిరగడం చూశాను. ఒక్కటీ రెక్క ఆడించలేదు. ఎండకి వేడెక్కి లేచే గాలి మీద అలా సోఫాలో కూర్చున్నట్టు తేలుతున్నాయి. మా బాల్కనీ పావురాలకి ఆ భోగం లేదు, రెక్క కొడితేనే బండి నడుస్తుంది.

ఇంటికొచ్చాక తేలిందేమిటంటే, మా ఓవెన్‌లో నిండు కోడి పట్టదు. కత్తి తీయక తప్పలేదు. అమ్మ పక్కనే వెల్లుల్లి ఒలుస్తోంది. కోడి ఛాతీ ఎముక మధ్యలో పడవ అడుగులా ఒక గట్టు ఉంటుంది. దానికి అటూ ఇటూ దళసరి కండ. అది కోసి పక్కన పెడితే, కింద ఎముకకి అంటుకుని సన్నగా పొడుగ్గా మరో కండ కనిపించింది. దాని కొసన తెల్లటి తాడు లాంటిది. చిన్న కండని వేళ్లతో పట్టుకుని లాగాను.

కోడి రెక్క పైకి లేచింది.

"నాన్నా, బతికే ఉంది!" అని పాప స్టూలు మీంచి దూకింది. అమ్మ "శివశివా" అంది. నేను మళ్లీ లాగాను. మళ్లీ లేచింది. నిజం చెప్పొద్దూ, నలభై రెండేళ్లు వచ్చినా అదే పనిగా పది సార్లు లాగి ఉంటాను.

రెక్కని పైకెత్తే కండ వీపు మీద ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎత్తే కండా, దించే కండా రెండూ ఛాతీలోనే ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. కింద ఉన్నది లాగితే రెక్క పైకెలా పోతుందని తాడు వెంట కత్తి మొనతో వెతుక్కుంటూ వెళ్లాను. భుజం దగ్గర మూడు ఎముకలు కలిసేచోట చిన్న కంత ఉంది. తాడు అందులోంచి దూరి, పైకి వెళ్లి, రెక్క ఎముక పై భాగానికి అతుక్కుంది. అమ్మ తొంగి చూసి, "బావి గిలకే కదరా ఇది! మనం కిందికి లాగితే చేద పైకి రాదూ?" అంది. పుస్తకాల్లో దీన్ని చెప్పడానికి ఒక పేజీ పడుతుంది, అమ్మకి ఒక్క ముక్క చాలింది. బరువంతా రెక్కల కిందే ఉంటుంది కాబట్టి గాలిలో పక్షి తలకిందులయ్యే గొడవ కూడా తగ్గుతుంది.

పావురంలో దించే కండ ఒక్కటే ఒంటి బరువులో దాదాపు ఐదో వంతు. గంటల తరబడి ఎగరాలి కాబట్టి అది ముదురు ఎరుపు. కోడి ఛాతీ తెల్లగా ఉండేది, కుక్క తరిమితే గోడ ఎక్కడం వరకే దాని ఎగురుడు కాబట్టి. ఇక ఆ గిలక తాడు కోసేసిన పావురాలని గాలిలోకి వదిలితే ఎగిరాయట గానీ, చదును నేల మీంచి లేవలేకపోయాయని ఒక పాత ప్రయోగం గురించి చదివాను. పాపం అనిపించింది, కోడిని కోస్తూ అనుకోవాల్సిన మాట కాదనుకోండి.

కోడికి మసాలా పట్టించి, ఫోను స్లో మోషన్‌లో పెట్టి బాల్కనీలో కాపు కాశాను. సెకనుకి 240 ఫ్రేములు. 1882లో ఫ్రాన్స్‌లో మరే అనే శాస్త్రవేత్త పక్షుల కోసం తుపాకీ ఆకారంలో కెమెరా చేయించుకున్నాడు, సెకనుకి 12 బొమ్మలు. ఆయన చేతికి నా ఈఎమ్ఐ ఫోను దొరికి ఉంటే!

పాప చీపురు ఊపింది, పావురం లేచింది. ఆ టపటప ఏమిటో వీడియోలో తెలిసింది. రెండు రెక్కలూ వీపు మీద చప్పట్లు కొట్టినట్టు తగులుతున్నాయి. తర్వాత కిందికీ ముందుకీ విసురుగా వస్తాయి. ఎత్తేటప్పుడు మణికట్టు దగ్గర మడిచి, ఈకలు విడదీసుకుని పైకి తెస్తుంది, గాలి అడ్డం తగలకుండా.

"తెడ్డు వేసినట్టు గాలిని వెనక్కి నెడుతుందా నాన్నా?" అని అడిగింది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ దిగేటప్పుడు రెక్క వెనక్కి పోవడమే లేదు, ముందుకే వస్తోంది. మరి పిట్ట ముందుకెలా పోతుంది? బండి మీద వెళ్తుంటే నిట్టనిలువుగా పడే వాన కూడా మొహాన ఏటవాలుగా కొడుతుంది కదా, అదే లెక్క ఇక్కడ కూడా. రెక్క కిందికి దిగుతోంది కాబట్టి దానికి ఎదురుగాలి ముందు నుంచీ, కాస్త కింద నుంచీ వస్తున్నట్టు తగులుతుంది. రెక్క మీద లేపే బలం ఆ గాలి వచ్చే దిశకి లంబంగా ఉంటుంది. గాలి వంగితే బలమూ ముందుకి వంగుతుంది. ఆ ఒక్క బలమే పిట్టని లేపుతుంది, ముందుకీ లాగుతుంది. భుజం దగ్గర రెక్క పెద్దగా కదలదు, కొసే జోరుగా ఊగుతుంది. అందుకే ముందుకు లాగే పని ఎక్కువగా కొసది.

కొస అంత జోరుగా దిగాలంటే కాస్త మెలి తిరగాలి, లేకపోతే గాలి పట్టు తప్పుతుంది. చీపురుతో ఊడ్చిన చెత్తలోంచి ఒక పెద్ద ఈక తీసి పాపకిచ్చాను. కాడ నడిమిన లేదు. ముందు వైపు అంచు సన్నం, వెనక వైపు వెడల్పు. కిందికి విసిరితే వెడల్పు వైపు గాలి ఎక్కువ తోసి, ఈక తనంతట తనే మెలి పడుతుంది. పాప దాన్ని సాయంత్రం దాకా ఊపుతూనే ఉంది. చేతులు కడుక్కోమని నాలుగుసార్లు చెప్పాను.

కోడి ఒక వైపు కాస్త మాడింది. రాత్రి భోజనాల దగ్గర అమ్మ నములుతూ నములుతూ ఆగి, నోట్లోంచి తెల్లటిదేదో తీసి కంచం అంచున పెట్టింది.

"రెండో గిలక తాడు నా వాటాకి వచ్చిందిరా."