గాజు గ్లాసుల మీద కమాను

"మామయ్యగారూ, ఆదివారం మధ్యాహ్నం శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిడేలు కచేరీ ఉంది. నలుగురు వాయిస్తారట. టికెట్ తీసేశాను" అన్నాడు అల్లుడు. ఫ్రీమాంట్ వచ్చి నెలన్నర అయింది. గుడి, కాస్ట్‌కో, గోల్డెన్ గేట్ అన్నీ చూసేశాను, ఇంట్లో తోచడం లేదు. సరే అన్నాను.

మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాలుగా చేసిన సంగీత కళాశాలలో చిన్నప్పుడు నేనూ రెండేళ్ళు ఫిడేలు గీశాను. వర్ణాల దాకా వచ్చాక మా నాన్న లెక్కల ట్యూషన్‌లో పడేశారు. వాయించడం పోయింది కానీ వినే పిచ్చి పోలేదు.

అమెరికాలో ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. ఏ స్టేషన్లో దిగాలో అమ్మాయి కాగితం మీద రాసి జేబులో పెట్టింది, బడికి పంపే పిల్లాడికి పెట్టినట్టు. ఓక్లాండ్ దాటాక రైలు సముద్రం అడుగున సొరంగంలోకి దూరింది. చక్రాలు పట్టాల మీద అరిచిన అరుపుకి చెవులు మూసుకున్నాను. అది కచేరీకి ముందు వర్ణమని అప్పుడు తెలియదు.

హాలు చిన్నదే. వేదిక మీద నాలుగు కుర్చీలు, బోలెడు వైర్లు, వేలాడదీసిన రెండు పెద్ద కంచు పళ్ళేలు, బల్లల మీద నీళ్ళు పోసిన గాజు గ్లాసులు. వాయించేవాళ్ళు తాగడానికేమో అనుకున్నాను. చేతికిచ్చిన కాగితం చదివితే విషయం తెలిసింది. రచన పేరు 'బ్లాక్ ఏంజిల్స్', రాసింది జార్జ్ క్రంబ్ అనే అమెరికన్. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1970 మార్చి 13, శుక్రవారం నాడు పూర్తి చేశానని స్వరపత్రం మీద రాసుకున్నాడట. పదమూడు, శుక్రవారం రెండూ వాళ్ళకి అచ్చిరానివి, కావాలనే వేసి ఉంటాడు. 1973లో డేవిడ్ హారింగ్టన్ దీన్ని రేడియోలో విని, ఇది వాయించడానికే క్రోనోస్ అనే బృందం పెట్టాడు. ఆ క్రోనోస్ తర్వాత ఈ ఊళ్ళోనే స్థిరపడింది, మన ఆశా భోంస్లేతో 2005లో ఆర్.డి. బర్మన్ పాటల ఆల్బమ్ కూడా చేసింది. ఆ రోజు వేదికెక్కింది మాత్రం వాళ్ళు కాదు. ఇంకా పేరు రాని నలుగురు కుర్రకారు.

మొదలుపెట్టారు. అమ్మ బాబోయ్! తొలకరి పడిన సాయంత్రం ట్యూబ్‌లైటు చుట్టూ ముసిరిన ఉసిళ్ళు మైకులో దూరితే ఎలా ఉంటుందో అలా. ఆ భాగం పేరే 'విద్యుత్ కీటకాల రాత్రి'. ఫిడేలుని ఏడిపించడం విన్నాను గానీ హింసించడం అదే చూడటం. మధ్యలో వాయించేవాళ్ళే జపనీసులో, స్వాహిలీలో అంకెలు గొణిగారు, అరిచారు. లేచి వెళ్ళిపోదామా అనిపించింది. కానీ నా సీటు వరస మధ్యలో ఉంది, పదిమంది మోకాళ్ళు దాటాలి.

కాసేపటికి ఫిడేళ్ళు తిరగేసి పట్టుకున్నారు. ఎడమచేతి వేళ్ళకి అవతల, తీగలు బిగించే బిరడాల వైపు కమాను ఆడించారు. మా మాస్టారు చూసి ఉంటే బెత్తం తీసేవారు. అది షూబర్ట్ అనే పాతకాలపు యూరప్ స్వరకర్త బాణీ అట. పక్క వీధిలో ఎవరింట్లోనో పాడైన హార్మోనియం మోగుతున్నట్టు వినిపించింది. ఎందుకో ఆ చోట నా కోపం తగ్గింది.

తర్వాత ముగ్గురు ఫిడేళ్ళు పక్కన పెట్టి గ్లాసుల దగ్గరికి వెళ్ళారు. గ్లాసు అంచు మీద కమాను నిలువుగా లాగారు. సన్నగా, తంబూరా శృతిలా, ఎక్కడ మొదలైందో తెలియని నాదం. దాని మీద చెల్లో, అంటే మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద ఫిడేలు, ఒక్కటే పాడింది. అప్పుడు వెలిగింది నాకు: నీళ్ళతో శృతి! ఇది జలతరంగం కదా! మనవాళ్ళు పింగాణీ గిన్నెల్ని పుల్లలతో కొడతారు, వీళ్ళు గాజుని కమానుతో రాస్తున్నారు. ఆ రెండు మూడు నిమిషాలు ఊపిరి బిగబట్టి విన్నాను. కాసేపటికి ఉసిళ్ళు మళ్ళీ వచ్చాయి, అది వేరే సంగతి.

అంతా కలిపి ఇరవై నిమిషాలకి అటూ ఇటూ. అయిపోయాక వేదిక దగ్గరికి వెళ్ళాను. ఒక అమ్మాయి గ్లాసుల్లో నీళ్ళు బకెట్లోకి ఒంపుతోంది. గ్లాసు బయట సన్నగా గోళ్ళరంగు గీత ఉంది. ఎందుకని అడిగితే, నీళ్ళు అక్కడిదాకా పోస్తే శృతి కుదురుతుందంది. మరీ నిండా పోస్తే?

"స్వరం కిందికి దిగిపోతుంది."

"మా గిన్నెల్లోనూ అంతే" అన్నాను. ఏ గిన్నెలని అడిగింది. నా ఇంగ్లీషులో జలతరంగం చెప్పేసరికి తాతలు దిగివచ్చారు. ఆ పిల్ల బకెట్ కింద పెట్టి, ఇంకా ఒంపని గ్లాసొకటి ముందుకి జరిపి, కమాను నా చేతికిచ్చింది. యాభై ఏళ్ళ తర్వాత పట్టుకోవడం. మొదటిసారి కిర్రుమంది. రెండోసారీ కిర్రుమంది.

"నొక్కకండి, ఊరికే లాగండి" అంది. మా మాస్టారు కూడా అదే అనేవారు.