ముందు అక్షరాలు, తర్వాతే బొమ్మ

చైనా స్టాంపులను బొమ్మను బట్టి సర్దడం నాకు నచ్చదు. 1913లో మొదలైన తెరచాప పడవ బొమ్మ ఏళ్ల తరబడి నడిచింది. ఒకే పడవ, ఒకే రంగు, ఒకే ధర అయినా మీద అచ్చు వేసిన అక్షరాలు మారితే అది వేరే ప్రాంతపు స్టాంపు. అందుకే నా కన్ను ముందు ఓవర్‌ప్రింట్ మీదికే వెళ్తుంది.

చైనీస్ రాకపోయినా ఫరవాలేదు. అక్షరాలు నిలువుగా ఉంటే పైనుంచి కిందికి, అడ్డంగా ఉంటే కుడి నుంచి ఎడమకు చూడాలి. చక్రవర్తుల కాలపు డ్రాగన్ బొమ్మ స్టాంపు మీద 'చైనా గణతంత్రం' అని నాలుగు అక్షరాలుంటే అది 1912 నాటిది. చక్రవర్తి గద్దె దిగాడు, అచ్చయిన స్టాంపులు మిగిలాయి!

నాకు ప్రాణమైనవి ఐదక్షరాలవి. 'ఫలానా చోట మాత్రమే వాడాలి' అని వాటి అర్థం. కొన్ని రాష్ట్రాల్లో స్థానిక డబ్బు విలువ పడిపోయింది. అక్కడ చవకగా కొన్న స్టాంపులను బయట వాడకుండా తపాలా శాఖ ఈ ముద్ర వేసింది. మొదటిది, చివరి రెండూ ఎక్కడైనా అవే అక్షరాలు. తేడా అంతా రెండో, మూడో అక్షరాల్లోనే. రెండోది పెట్టెలా, మూడోది మూడు నిలువు గీతల్లా ఉంటే సిచువాన్. షిన్‌జియాంగ్, యునాన్‌లకు మూడో అక్షరం ఒకటే కాబట్టి రెండోదాన్ని భూతద్దంతో చూడాలి. దాని ఎడమ పక్కన నీటికి గుర్తయిన మూడు చిన్న గీతలుంటే యునాన్.

షిన్‌జియాంగ్ దగ్గర మాత్రం తొందరపడకండి. 1915 నాటి తొలి ఓవర్‌ప్రింట్‌లో మొదటి అక్షరం అర మిల్లీమీటరు ఎడమకు జరిగి ఉంటుంది, మొత్తం పొడవు 16 మిల్లీమీటర్లు. తర్వాతి దానిలో అక్షరాలన్నీ ఒకే వరుసలో, 15.5 మిల్లీమీటర్లలో ఉంటాయి. నా దగ్గరున్న ఒక పచ్చ పడవ మీద తపాలా ముద్ర ఓవర్‌ప్రింట్‌ను సగం కప్పేసింది. స్టాంపును వాలుగా వెలుతురులో పట్టుకుంటే రెండు సిరాలూ వేరుగా తెలిశాయి. తపాలా ముద్ర పైన ఉండటమే సరైన క్రమం. ఓవర్‌ప్రింటే పైన కనిపిస్తే దాన్ని కొనకండి, ఎవరో తర్వాత అచ్చు వేసినట్టే.

1948 ఆగస్టులో 30 లక్షల పాత కరెన్సీకి ఒక బంగారు యువాన్ లెక్కన మార్చారు. చైనా గణతంత్ర నాయకుడు సన్ యట్ సెన్ బొమ్మ ఉన్న అప్పటి స్టాంపుల మీద కొత్త ధరలను వేర్వేరు అచ్చుశాలలు వేశాయి. వాటిని అక్షరాల అచ్చును బట్టి విడదీస్తున్నాను, ఇంకా చాలా మిగిలి ఉన్నాయి.